నోకియా 5800 టచ్ ఫోన్: మీటలు, తెర, మెమరీ అర్థం చేసుకుని వాడుకోవడానికి సమగ్ర మార్గదర్శి

ఒంగోలు, కావలి, కందుకూరు, నెల్లూరు పట్టణాల్లో 2009, 2010 ప్రాంతంలో కొన్న టచ్ ఫోన్లు ఎన్నో ఇళ్ళలో ఇప్పటికీ బీరువా సొరుగుల్లోనే ఉన్నాయి. పారేయడానికి మనసు రాదు, వాడదామంటే ఎలా వాడాలో గుర్తుండదు. పిల్లల చిన్ననాటి ఫొటోలు, ఇప్పుడు మన మధ్య లేని పెద్దల గొంతులు, మరెక్కడా రాసిపెట్టుకోని నంబర్లు వాటిలోనే ఉండిపోయాయి. ఈ మార్గదర్శి అలాంటి ఫోన్లలో నోకియా 5800 ఎక్స్‌ప్రెస్‌మ్యూజిక్‌ను తీసుకుని, దాన్ని జాగ్రత్తగా ఆన్ చేయడం మొదలుకొని, మీటలూ తెరా పనిచేసే తీరు తెలుసుకుని, మెమరీని సర్దుకుని, లోపల ఉన్నవాటిని బయటికి తీసుకునే దాకా వరుసగా వివరిస్తుంది.

నోకియా ఈ ఫోన్‌ను 2008 అక్టోబరు 2న ప్రకటించింది. 3.2 అంగుళాల తెర, 640×360 పిక్సెళ్ళు, 434 మెగాహెర్ట్జ్ ఏఆర్ఎం11 ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్ (అప్లికేషన్లు నడిచే తాత్కాలిక మెమరీ), మన సొంత ఫైళ్ళకు సుమారు 81 ఎంబీ లోపలి నిల్వ, పెట్టెలోనే ఇచ్చిన 8 జీబీ మైక్రోఎస్‌డీ కార్డు దీని ముఖ్యమైన కొలతలు. తరువాత వచ్చిన 5230, 5233 కూడా అదే సింబియన్ ఎస్60 ఐదో ఎడిషన్ (ఫోన్‌ను నడిపే వ్యవస్థ) మీద, అదే కొలత తెరతో నడుస్తాయి కనుక కింద చెప్పినవాటిలో చాలా భాగం వాటికీ సరిపోతుంది. అయితే 5230లో వైఫై లేదు, 5233లో 3జీ, వైఫై రెండూ లేవు.

మెట్లలోకి వెళ్ళే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లోనూ ర్యామ్ 128 ఎంబీయే. ఆ కొద్ది మెమరీ చాలదని తెలిసి ఆపిల్ ఒక కట్టుబాటు పెట్టింది: హోమ్ బటన్ నొక్కగానే బయటివాళ్ళు రాసిన అప్లికేషన్ మూసుకుపోతుంది. ఆ కట్టుబాటు 2010లో ఐఫోన్‌ను నడిపే వ్యవస్థ ఐఓఎస్ నాలుగో కూర్పు వచ్చే దాకా సడలలేదు. 2008 అక్టోబరులోనే అమ్మకానికి వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌కు 192 ఎంబీ ర్యామ్ ఉండేది. మెమరీ తగ్గినప్పుడు వెనక పడి ఉన్న అప్లికేషన్లను ఆ వ్యవస్థ తానే తీసేసేది. నోకియా మూడో దారి పట్టింది. మెమరీ బాగా తగ్గిపోతే తప్ప, మీరు తెరిచినదేదైనా మీరు మూసే దాకా నడుస్తూనే ఉంటుంది, ఏ ఫైలు ఎక్కడ ఉందో మీకు కనిపిస్తూనే ఉంటుంది, ఏది ఉంచాలో ఏది తీసేయాలో మీరే నిర్ణయిస్తారు. ఈ ఫోన్ నెమ్మదిగా ఉందని, మాటిమాటికీ ఆగిపోతుందని అప్పట్లో చాలామంది అన్నారు. దాని లోపలి అమరిక వాడేవారికి ఎవరూ విడమరచి చెప్పకపోవడమే అందుకు పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను. మీట ఎందుకు అక్కడ ఉందో, తెర ఎందుకు గట్టిగా నొక్కమంటుందో, మెమరీ ఎలా పంచి ఉందో తెలిస్తే ఈ ఫోన్ చక్కగా చెప్పినట్టు వింటుంది.

మొదటి మెట్టు: బ్యాటరీ, ఛార్జరు, సిమ్

ఏళ్ళ తరబడి పక్కన పెట్టిన ఫోన్‌ను తీయగానే ఛార్జింగుకు పెట్టకూడదు. వెనక మూత తీసి బ్యాటరీని బయటికి తీయండి. దాని మీద బీఎల్-5జే అని, 1320 ఎంఏహెచ్ అని ఉంటుంది. మన జిల్లాల్లో మే నెల వేడికి మూసి ఉన్న సొరుగుల్లో లిథియం బ్యాటరీలు తొందరగా పాడవుతాయి. బ్యాటరీని సమతలంగా ఉన్న గాజు పలక మీద పెట్టి వేలితో తిప్పి చూడండి. బొంగరంలా తిరిగితే పొట్ట ఉబ్బిందని అర్థం. అలాంటిదాన్ని వాడకూడదు, గుచ్చకూడదు, చెత్తలో వేయకూడదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి. ఇదే రకం బ్యాటరీ మరికొన్ని నోకియా ఫోన్లకు కూడా వచ్చింది కాబట్టి, నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు ట్రంకు రోడ్డులోనో పాత సామాను పెట్టుకున్న రిపేరు షాపులో బీఎల్-5జే అని పేరు చెప్పి అడగవచ్చు. కొనే ముందు దాన్ని కూడా గాజు మీద తిప్పి చూడటం మంచిది.

ఛార్జింగ్ విషయంలో చాలామంది పొరబడతారు. ఫోన్ పై అంచున మైక్రో యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది, కానీ దాని గుండా ఈ ఫోన్ ఛార్జ్ కాదు. అది సమాచారం కోసమే. ఛార్జింగుకు నోకియా సన్న పిన్ను, అంటే 2 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న ఛార్జరే కావాలి.

సిమ్, మెమరీ కార్డు రెండూ ఎడమ పక్కన చిన్న ప్లాస్టిక్ మూతల వెనక ఉంటాయి. సిమ్‌ను పక్క నుంచి లోపలికి తోయాలి. తీయాలంటే మాత్రం బ్యాటరీ తీసి, దాని కింద కనిపించే సందులోంచి స్టైలస్ (తెర మీద నొక్కడానికి ఫోన్‌తో వచ్చే సన్నటి పుల్ల) మొనతో బయటికి నెట్టాలి. ఇది పెద్ద సైజు సిమ్ కోసం చేసిన స్లాటు. ఇప్పటి నానో సిమ్‌ను ప్లాస్టిక్ చట్రంలో పెట్టి తోసేటప్పుడు, చట్రం లోపలే ఉండి సిమ్ జారిపోతే పిన్నులు వంగుతాయి. చట్రం వెనక సన్నటి టేపు అంటించి తోయండి. జియోకు 2జీ, 3జీ లేవు కనుక ఆ సిమ్ ఇందులో పనిచేయదు. ఎయిర్‌టెల్ వంటి 2జీ ఉన్న నెట్‌వర్క్ సిమ్‌తో కాల్స్, మెసేజ్‌లు నడుస్తాయి. ఫొటోలు, నంబర్లు తీసుకోవడమే మీ ఉద్దేశమైతే సిమ్ గొడవ పెట్టుకోకపోవడమే మేలు.

రెండో మెట్టు: మీటల పని తెలుసుకోవడం

తెర కింద మూడు మీటలు ఉంటాయి: ఎడమన పచ్చది కాల్‌కు, కుడిన ఎర్రది కాల్ ముగించడానికి, నడుమ తెల్లటి మెనూ మీట. కుడి అంచున పైనుంచి కిందికి శబ్దం పెంచే తగ్గించే మీట, తెర తాళానికి జరిపే మీట, కెమెరా మీట ఉంటాయి. పవర్ మీట పై అంచున ఉంది. తాళం మీటను ఒకసారి కిందికి జరిపి వదిలితే తెర, మీటలు అన్నీ నిద్రపోతాయి. మళ్ళీ జరిపితే లేస్తాయి. జేబులో ఉన్నప్పుడు తెర చూడకుండానే చేత్తో తడిమి తాళం వేయగలగడం ఈ ఫోన్‌లో నాకు బాగా నచ్చే ఏర్పాటు.

ఈ మీటలన్నింటికీ పొట్టి నొక్కు ఒక అర్థం, పట్టి ఉంచే నొక్కు మరో అర్థం. ముఖ్యంగా రెండింటిని గుర్తుంచుకోండి. మెనూ మీటను ఒకసారి నొక్కితే మీరు ఉన్న అప్లికేషన్ నుంచి బయటికి వస్తారు, కానీ ఆ అప్లికేషన్ వెనక నడుస్తూనే ఉంటుంది. అదే మీటను నొక్కి పట్టుకుంటే ప్రస్తుతం నడుస్తున్న అప్లికేషన్లన్నీ తెర మీదికి వస్తాయి. ఎర్ర మీటను నొక్కి పట్టుకుంటే తెరిచి ఉన్న ఇంటర్నెట్ కనెక్షన్లు తెగిపోతాయి. పవర్ మీటను కొద్దిగా నొక్కి వదిలితే వచ్చే చిన్న జాబితాలో ప్రొఫైళ్ళతో పాటు మెమరీ కార్డును తీసే ఎంపిక కూడా ఉంటుంది. ఫోన్ ఆన్‌లో ఉండగా కార్డు లాగేయాలనుకుంటే ముందు దాన్ని ఎంచుకోవాలి.

తెర పైన కుడి మూలలో, గాజు అంచు మీద, ఒక చిన్న తాకు మీట దాగి ఉంటుంది. దాన్ని తాకితే సంగీతం, ఫొటోలు, వీడియోలు, బ్రౌజర్ వంటి వాటి బొమ్మలతో ఒక పట్టీ దిగుతుంది. ఏ అప్లికేషన్‌లో ఉన్నా ఇది పలుకుతుంది.

మూడో మెట్టు: తెరను తాకే పద్ధతి

ఇప్పటి ఫోన్లకు అలవాటుపడిన వేలికి ఈ తెర మొదట మొండికేసినట్టు అనిపిస్తుంది. దానికి కారణం తెర నిర్మాణంలోనే ఉంది. ఇప్పటి ఫోన్ల తెరలు కెపాసిటివ్ రకం. వేలిలోని విద్యుత్ లక్షణాన్ని గుర్తిస్తాయి, బరువు అక్కర్లేదు. 5800లోది రెసిస్టివ్ తెర. కింద గాజు, పైన వంగే ప్లాస్టిక్ పొర, రెండింటి లోపలి ముఖాల మీద కరెంటు ప్రవహించే పారదర్శకమైన పూత, నడుమ కంటికి ఆనని చిన్న చిన్న చుక్కల దిమ్మెలతో సన్నని ఖాళీ ఉంటాయి. మీరు నొక్కిన చోట పై పొర వంగి కింది పొరను తాకుతుంది. ఫోన్ ఒక పొర రెండు కొసల మధ్య వోల్టేజీ పెట్టి, అవతలి పొర మీద ఎంత వోల్టేజీ వచ్చిందో కొలిచి అడ్డం స్థానాన్ని లెక్క కడుతుంది. వెంటనే రెండో దిశలో అదే పని చేసి నిలువు స్థానాన్ని తెలుసుకుంటుంది. ఈ పని సెకనులో ఎన్నోసార్లు జరుగుతూనే ఉంటుంది.

దీనినుంచి మూడు వాడుక సూత్రాలు పుడతాయి. వేలి మెత్తటి భాగంతో నిమరడం కన్నా గోరు అంచుతోనో, వెనక మూతలో ఒదిగి ఉండే స్టైలస్‌తోనో, పెట్టెలో ఇచ్చిన గిటారు మీటు ఆకారపు ముక్కతోనో ఒక చిన్న చోట నొక్కడం మేలు, ఎందుకంటే ఒత్తిడి ఒకే బిందువు మీద పడాలి. రెండు వేళ్ళు పెడితే తెరకు రెండు బిందువులు వేరువేరుగా తెలియవు. నడుమ ఎక్కడో ఒకే తాకు ఉందనుకుంటుంది కనుక రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేయడం ఇందులో కుదరదు, రెండుసార్లు తట్టడమో జూమ్ పట్టీని జరపడమో చేయాలి. మూడోది ఈ తెర బలం: తడి వేలైనా, తొడుగు వేసిన వేలైనా, పెన్ను మూత అయినా దానికి ఒకటే. కొత్తపట్నం వైపు, అల్లూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద మేత చల్లిన తడి చేత్తో ఇప్పటి ఖరీదైన ఫోన్ ఎత్తబోతే తెర ఒకచోట తాకితే మరోచోట పలుకుతుంది. ఈ పాత ఫోన్ మాత్రం నొక్కిన చోటే పలుకుతుంది. నీటి చుక్కకు పై పొరను వంచేంత బరువు లేకపోవడమే అందుకు కారణం. ఫోన్‌లోకి మాత్రం నీరు పోకూడదు, ఇది నీటిని తట్టుకునే ఫోన్ కాదు.

మీరు నొక్కిన చోట కాకుండా పక్కన పలుకుతుంటే తెరకు కొలత మళ్ళీ నేర్పాలి. సెట్టింగ్స్‌లో ఫోన్, అందులో టచ్ ఇన్‌పుట్, అందులో టచ్ స్క్రీన్ క్యాలిబ్రేషన్ తెరవండి. తెర మీద ఒకదాని తర్వాత ఒకటిగా గుర్తులు వస్తాయి. ఫోన్‌ను బల్ల మీద పెట్టి, కళ్ళను సరిగ్గా తెరకు ఎదురుగా ఉంచి, స్టైలస్ మొనతో గుర్తు నడుమ నొక్కండి. పక్కనుంచి చూస్తూ నొక్కితే ఆ వాలు కూడా కొలతలో కలిసిపోతుంది. ఈ పనికి వేలు వాడకూడదు.

క్యాలిబ్రేషన్ తర్వాత కూడా ఎవరూ తాకకుండానే తెర దానంతట అదే నొక్కుకుంటుంటే అంచులను చూడండి. ఈ ఫోన్‌లో తెర చుట్టూ ఉన్న అంచు తెర కన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది. ఆ సందులో చేరిన దుమ్ము, ముఖం మీది జిడ్డుతో కలిసి గట్టిపడి పై పొరను ఒక పక్క నుంచి నొక్కి పడుతుంది. మంచి దళసరి కాగితాన్ని కోణంగా మడిచి ఆ సందు పొడవునా మెల్లగా లాగితే సన్నటి నల్లటి పోగులా ఆ మురికి బయటికి వస్తుంది. సూది, బ్లేడు పనికిరావు. ప్లాస్టిక్ పొర చిరిగితే తెర పోయినట్టే. మందంగా ఉన్న స్క్రీన్ గార్డును కూడా తీసేయండి, ఎందుకంటే దాని కింద చిక్కిన గాలి బుడగ కూడా ఒత్తిడే.

నాలుగో మెట్టు: ఒక తట్టు, రెండు తట్లు

ఈ ఇంటర్‌ఫేస్‌లో కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. బొమ్మలు గళ్ళుగా పేర్చి ఉన్న మెనూలో ఒక్కసారి తడితే చాలు, అది తెరుచుకుంటుంది. అదే, వరుసగా పేర్లున్న జాబితాలో, అంటే కాంటాక్టులలో, సెట్టింగ్స్‌లో, ఫైళ్ళలో, మొదటి తట్టు ఆ వరుసను ఎంచుకుంటుంది, రెండో తట్టు తెరుస్తుంది. నియమం ఎక్కడ ఏదో తెలియక జనం ఒకచోట తక్కువ తట్టారు, మరోచోట ఎక్కువ తట్టారు, ఫోన్ మొద్దుదని అనుకున్నారు.

ఈ తేడా ఊరికే రాలేదు. ఎస్60 అన్నది మొదట తెరను తాకే ఫోన్ల కోసం పుట్టింది కాదు. మూడో ఎడిషన్ ఫోన్లలో నడుమ నాలుగు దిక్కులకూ కదిలే మీట ఉండేది. దాన్ని జరిపితే పసుపుపచ్చగానో నీలంగానో ఒక గుర్తు వరుస మీద నిలిచేది, నడుమ నొక్కితే ఆ వరుస తెరుచుకునేది. అప్పటి అప్లికేషన్లన్నీ ఆ గుర్తు ఎక్కడుందన్న దాని మీదే ఆధారపడి రాసినవి. ఐదో ఎడిషన్‌లో ఆ మీట పోయింది కానీ గుర్తు పోలేదు. మొదటి తట్టు గుర్తును జరపడం, రెండో తట్టు నడుమ నొక్కడం. పాత ఎడిషన్ అప్లికేషన్‌ను ఇందులో వేస్తే తెర కింది భాగంలో ఆ నాలుగు దిక్కుల మీటల బొమ్మ కనిపించడం కూడా అందుకే. ఈ రాజీ వల్ల కొత్త తెర మీద పాత అప్లికేషన్లు బతికాయి. చేతికి సులువు కొంత తగ్గింది. నా దృష్టిలో ఆ రోజుకు అది సబబైన ఎంపికే, కానీ ఒక్క తట్టుకు మార్చడం ఇంకా ముందే జరగాల్సింది.

ఇక నియమాలు సులువు. తెర మీదే కింది భాగంలో ఎడమన 'ఆప్షన్స్', కుడిన 'బ్యాక్' లేదా 'ఎగ్జిట్' అని ఉంటాయి. ఏదైనా పని ఎక్కడుందో తోచకపోతే ముందు ఆప్షన్స్ తెరవండి, అక్కడే ఉంటుంది. పొడవైన జాబితాలో కిందికి పోవాలంటే కుడి అంచున ఉన్న సన్నటి పట్టీని పట్టి జరపాలి. జాబితాను వేలితో విసిరితే జారే సౌకర్యం 2010లో వచ్చిన అప్‌డేట్లతో మెరుగైంది. *#0000# నొక్కితే మీ ఫోన్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ సంఖ్య కనిపిస్తుంది. హోమ్ తెర మీద గడియారాన్ని తడితే అలారం, ప్రొఫైల్ పేరును తడితే ప్రొఫైళ్ళు, పై కుడి మూలలో బ్యాటరీ గుర్తున్న చోట తడితే కనెక్షన్ల వివరాలు వస్తాయి. ఫోన్ మోగుతుండగా దాన్ని బోర్లా తిప్పి బల్ల మీద పెడితే మోత ఆగుతుంది; పనిచేయకపోతే సెట్టింగ్స్‌లోని సెన్సర్ సెట్టింగ్స్‌లో ఆ ఎంపిక ఆన్ చేయాలి.

ఐదో మెట్టు: అక్షరాలు

నిలువుగా పట్టుకుంటే పాత ఫోన్లలో లాంటి పన్నెండు గళ్ళ కీప్యాడ్, చిన్న క్వర్టీ (కంప్యూటర్ కీబోర్డు వరుస), చేతిరాత పెట్టె అనే మూడు పద్ధతులు ఉంటాయి. అడ్డంగా పట్టుకుంటే తెరంతా నిండే క్వర్టీ వస్తుంది. పెద్దవారికి పన్నెండు గళ్ళదే సుఖం, ఎందుకంటే గళ్ళు పెద్దవి, గోరుతో కాకుండా బొటనవేలితో నొక్కినా తగులుతాయి.

తెలుగు చదవడం వేరే సంగతి. ఆ రోజుల్లో ఫోన్ బ్రౌజర్‌లో తెలుగు పేజీ తెరిస్తే వరుసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి. అప్పుడు తెలుగువాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్న ఉపాయం ఒపెరా మినీది: అడ్రసు పట్టీలో ఆ బ్రౌజర్ లోపలి కాన్ఫిగ్ పేజీ పేరు టైపు చేసి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అన్న ప్రశ్నకు 'ఎస్' అని పెట్టి సేవ్ చేస్తే, ఒపెరా సర్వరే అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. ఒత్తులు, గుణింతాలు చక్కగా కుదిరేవి. ఇప్పుడు మాత్రం ఈ ఫోన్‌లోని బ్రౌజర్‌తో చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు, ఎందుకంటే అవి అడిగే కొత్త భద్రతా పద్ధతులు దీనికి తెలియవు. వాట్సాప్ కూడా సింబియన్ ఫోన్లకు 2017 జూన్ 30తో ఆగిపోయింది. కాబట్టి ఈ ఫోన్‌ను ఇంటర్నెట్ కోసం తిరిగి తేవాలని చూడకండి.

ఆరో మెట్టు: మెమరీని సర్దుకోవడం

ఈ ఫోన్ మర్మమంతా ఇక్కడ ఉంది. ముందుగా రెండు వేరు సంగతులను విడదీసుకోవాలి: ఫైళ్ళు నిలవ ఉండే చోటు వేరు, అప్లికేషన్లు నడిచే చోటు వేరు. రెండు చోట్ల నిండినా ఫోన్ 'మెమరీ ఫుల్' అనే అంటుంది కాబట్టి జనం ఫొటోలు తీసేస్తూ పోయారు, ఫోన్ మాత్రం బాగుపడలేదు.

నిలవ ఉండే చోట్లకు సింబియన్ కంప్యూటర్‌లో లాగా అక్షరాల పేర్లు పెట్టింది. జెడ్ డ్రైవులో ఫోన్ వ్యవస్థ ఉంటుంది, దాన్ని మనం మార్చలేం. సి డ్రైవు అంటే ఫోన్ మెమరీ, ఆ 81 ఎంబీ ఇదే. డి అన్నది ర్యామ్‌లోనే తాత్కాలికంగా ఏర్పడేది, ఫోన్ ఆపితే పోతుంది. ఇ డ్రైవు మెమరీ కార్డు. నోకియా 16 జీబీ దాకా అధికారికంగా చెప్పింది. ఫైల్ మేనేజర్‌లో మనకు కనిపించేవి సి, ఇ మాత్రమే. ఒక్కోదాని మీద నిలిచి ఆప్షన్స్‌లో డీటెయిల్స్, అందులో మెమరీ చూస్తే ఏ రకం ఫైళ్ళు ఎంత చోటు తిన్నాయో తెలుస్తుంది.

సి డ్రైవు ఎప్పుడూ కొంత ఖాళీగా ఉండాలి. కొత్త అప్లికేషన్‌ను కార్డులోకే వేస్తున్నా, దాన్ని విప్పే పని కొంత సిలోనే జరుగుతుంది. వచ్చిన మెసేజ్‌లు, కాల్ వివరాలు, కాంటాక్టులు, బ్రౌజర్ నిల్వ అన్నీ మొదట అక్కడే చేరతాయి. అది నిండితే మెసేజ్ రావడం కూడా ఆగుతుంది. కాబట్టి ఈ వరుసలో చేయండి. మెసేజింగ్ తెరిచి ఆప్షన్స్‌లో సెట్టింగ్స్, అందులో అదర్, అందులో మెమరీ ఇన్ యూజ్ దగ్గర మెమరీ కార్డును ఎంచుకోండి. కెమెరా సెట్టింగ్స్‌లోనూ ఫొటోలు, వీడియోలు కార్డులోకి వెళ్ళేటట్టు మార్చండి. లాగ్ తెరిచి దాని కాలాన్ని 30 రోజుల నుంచి 10 రోజులకో ఒక రోజుకో తగ్గించండి. బ్రౌజర్‌లో ఆప్షన్స్ నుంచి క్లియర్ ప్రైవసీ డేటాకు వెళ్ళి క్యాషే (బ్రౌజర్ దాచుకున్న పాత పేజీల నిల్వ) తుడిచేయండి. చివరగా ఫైల్ మేనేజర్‌లో సి డ్రైవు తెరిచి డేటా ఫోల్డర్‌లో ఉన్న ఇమేజెస్, సౌండ్స్, వీడియోస్‌లోని ఫైళ్ళను గుర్తుపెట్టి ఇ డ్రైవుకు తరలించండి. సిస్టమ్ ఫోల్డర్ల జోలికి పోవద్దు.

అప్లికేషన్లను ఎక్కడ వేయాలన్న దాని మీద అప్పట్లో పెద్ద వాదాలు నడిచేవి. నా సలహా ఇది: ఫోన్ ఆన్ కాగానే నడవాల్సినవి, అంటే ఫోన్ తాళాలు, కాల్ రికార్డర్లు వంటివి సిలో ఉండాలి, ఆటలు, పాటల ప్లేయర్లు, నిఘంటువులు, మ్యాపులు కార్డులో ఉండాలి. కారణం సులువైనదే. ఫోన్‌ను కంప్యూటర్‌కు మాస్ స్టోరేజ్ పద్ధతిలో కలిపినంత సేపు కార్డు కంప్యూటర్ వశంలో ఉంటుంది, ఫోన్‌కు కనిపించదు. ఆ సమయంలో కార్డులో ఉన్న అప్లికేషన్లు మెనూలోంచి మాయమవుతాయి, కార్డులోని థీమ్ పోయి మామూలు థీమ్ వస్తుంది. కేబుల్ తీస్తే తిరిగి వస్తాయి. ఫోన్ పాడైందని కంగారుపడనక్కర్లేదు.

ఇక నడిచే చోటు. 128 ఎంబీ ర్యామ్‌లో కొంత భాగాన్ని వ్యవస్థే తీసుకుంటుంది. అయినా ఇంత కొద్ది చోటులో పాట వింటూ, మ్యాపు తెరిచి, మెసేజ్ రాయగలగడానికి సింబియన్ వంశమే కారణం. దాని పూర్వీకుడు ఈపాక్, 1997లో వచ్చిన సయన్ సిరీస్ 5 చేతి కంప్యూటర్‌లో 4 లేదా 8 ఎంబీ ర్యామ్ మీద నడిచింది. ఆ యంత్రానికీ స్టైలస్‌తో తాకే తెర ఉండేది. అక్కడ ప్రతి బైటునూ పొదుపుగా వాడే క్రమశిక్షణ ఏర్పడింది. ప్రోగ్రాం రాసేవారు మెమరీ అడిగిన ప్రతిసారీ అది దొరక్కపోవచ్చని ముందే ఊహించాలి, దొరక్కపోతే అప్పటిదాకా తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేందుకు ఒక పట్టికలో నమోదు చేసుకుంటూ పోవాలి. దాన్నే క్లీనప్ స్టాక్ అంటారు. 5800లోని సింబియన్ 9.4 వ్యవస్థ ఫ్లాష్‌లో, అంటే ఫోన్ నిల్వ చిప్పులో, ఉన్న ప్రోగ్రాం మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎత్తదు. ఏ పేజీ అవసరమైతే దాన్నే అప్పటికప్పుడు తెస్తుంది. అందుకే కొన్ని అప్లికేషన్లు మొదటిసారి తెరిచినప్పుడు ఒక్క క్షణం ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

ఇంత పొదుపు ఉన్నా, వాడేవారు మూయకుండా వదిలేస్తే ర్యామ్ నిండుతుంది. కాబట్టి చేతికి రెండు అలవాట్లు రావాలి. పని ముగిసిన అప్లికేషన్‌లోంచి మెనూ మీటతో కాకుండా 'ఎగ్జిట్'తో బయటికి రండి. మెనూ మీటను మధ్యలో ఆపి మళ్ళీ వచ్చే పని ఉన్నప్పుడు మాత్రమే వాడండి. ఫోన్ మందగించినట్టు అనిపించగానే మెనూ మీటను నొక్కి పట్టి జాబితా చూడండి. అక్కర్లేని దానిలోకి వెళ్ళి ఎగ్జిట్ చేసి రండి. బ్రౌజర్, మ్యాపులు, కెమెరా ఎక్కువ చోటు తింటాయి. మెమరీ బాగా తగ్గితే ఫోన్ తానే వెనక ఉన్న ఒక అప్లికేషన్‌ను మూసేస్తుంది, మీరు సగం రాసిన మాట అందులో ఉంటే పోవచ్చు. ఆ పరిస్థితి రానివ్వకపోవడమే మంచిది.

ఏడో మెట్టు: ఉన్నవాటిని బయటికి తీసుకోవడం

ఫొటోలు, పాటలు తీసుకోవడం సులువు. మైక్రో యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి మాస్ స్టోరేజ్ ఎంచుకుంటే కార్డు తెరుచుకుంటుంది. ఇమేజెస్ ఫోల్డర్ లోపల ఏడాది, నెల అంకెల పేర్లతో ఉన్న చిన్న ఫోల్డర్లన్నీ తెరిచి చూడండి, పై ఫోల్డర్‌లో కనిపించకపోతే లేవనుకోవద్దు. గొంతు రికార్డింగులు సౌండ్స్‌లోని డిజిటల్ ఫోల్డర్‌లో ఉంటాయి. చాలావరకు ఏఎంఆర్ రకంవి కనుక కంప్యూటర్‌లో వీఎల్‌సీ వంటి ప్లేయర్‌తో వినాలి. ఈ పద్ధతిలో సి డ్రైవు కనిపించదు. అందుకే పై మెట్టులో ముందుగా అన్నింటినీ కార్డుకు తరలించమన్నాను.

నంబర్ల కోసం కాంటాక్టులు తెరిచి, ఆప్షన్స్‌లో అన్నింటినీ గుర్తుపెట్టి, కాపీ చేసే ఎంపికలో మెమరీ కార్డును ఎంచుకోండి. ఒక్కో వ్యక్తికి ఒక్కో వీసీఎఫ్ ఫైలు చొప్పున కార్డులోని అదర్స్ ఫోల్డర్‌లో, కాంటాక్ట్స్ అనే చోట చేరతాయి. వాటిని కొత్త ఫోన్‌లోకి తెచ్చి కాంటాక్టుల యాప్‌లో ఇంపోర్ట్ చేస్తే పేర్లతో సహా వస్తాయి. సిమ్‌లోకి కాపీ చేసే దారి పట్టకండి; అక్కడ పేర్లు కురచవుతాయి, రెండో నంబరు పోతుంది.

కార్డుకు పాస్‌వర్డ్ పెట్టే ఎంపిక ఫైల్ మేనేజర్‌లో ఉంది. ఎప్పుడో పెట్టి ఉంటే ఈ ఫోన్ పనిచేస్తున్నప్పుడే దాన్ని తీసేయండి. తీయకపోతే ఆ కార్డు మరే కంప్యూటర్‌లోనూ తెరుచుకోదు.

ఎనిమిదో మెట్టు: రీసెట్

అన్నీ తీసుకున్నాక కూడా ఫోన్ తడబడుతుంటే రీసెట్ చేయండి. *#7780# సెట్టింగులను మాత్రమే మొదటి స్థితికి తెస్తుంది, ఫైళ్ళు, కాంటాక్టులు ఉంటాయి. *#7370# సి డ్రైవు మొత్తం తుడిచేస్తుంది. రెండూ తాళపు కోడు అడుగుతాయి. మార్చకపోతే అది 12345. ఫోన్ తెరుచుకోనంతగా చెడితే దాన్ని ఆపి, పచ్చ మీట, ఎర్ర మీట, కెమెరా మీట మూడింటినీ కలిపి పట్టుకుని పవర్ నొక్కాలి; ఇదీ సి డ్రైవును తుడిచేస్తుంది. రీసెట్‌కు ముందు బ్యాటరీ సగానికి పైన ఉండాలి, కార్డు బయటికి తీసి పెట్టాలి.

తిరిగి లేచిన ఫోన్ తేదీ, సమయం అడుగుతుంది. పాత అప్లికేషన్ వేస్తున్నప్పుడు సర్టిఫికెట్ గడువు తీరిందని ఫోన్ చెబితే, తేదీని ఆ అప్లికేషన్ వచ్చిన ఏడాదికి వెనక్కి పెట్టి, వేసుకున్నాక సరిచేయండి. మెసేజ్‌లు, కెమెరాల మెమరీ ఎంపికలు రీసెట్‌తో మళ్ళీ ఫోన్ మెమరీకి మారిపోయి ఉండవచ్చు కాబట్టి, కార్డును తిరిగి పెట్టగానే ముందుగా వాటిని కార్డుకు మార్చి, తరువాతే మొదటి ఫొటో తీయండి.